ఒక్క రాత్రికి ముగ్గురు కృష్ణులు

పిల్లలూ,

దసరాకు నాటకం వేస్తామని, మన ఊరి నాటక సమాజం ఇదివరకు ఏమేం వేసిందో రాసి పంపమని అడిగారు. ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఎక్కువసార్లు ఆడింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్ర. ఆ తర్వాత తిరుపతి వేంకట కవుల కృష్ణ రాయబారం. బడి వార్షికోత్సవాలకు వేసిన చిన్న నాటికలూ ఉన్నాయి గానీ, వాటిలో చెప్పుకోదగ్గవి తక్కువ.

యాసంగి వడ్లు ఇల్లు చేరినాక బొడ్రాయి దగ్గర స్టేజీ కట్టేవాళ్లం. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక మన మిర్యాలగూడ వైపు పంటలు పెరిగాయి. చందాకు బదులు వడ్లే కొలిచేవాళ్లు. అవి అమ్మి డ్రెస్సులకు, తెరలకు, హార్మోనిస్టుకు ఇచ్చేవాళ్లం.

పాత కరపత్రంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ఎందుకుందని అడిగారు కదా. నాటకం తెల్లారేదాకా సాగేది. పద్యం పై శృతిలో ఎత్తుకుని, చివర రాగం తీయాలి. జనం 'వన్స్ మోర్' అంటే మళ్లీ పాడాలి. అంతసేపు ఒక్క గొంతు తట్టుకోదు. అందుకే అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చే పడక సీను ఒకరికి, రాయబారం ఇంకొకరికి. పైగా వేషం కట్టేవాడే ఖర్చులో వాటా పెట్టుకునేవాడు, కృష్ణుడి వేషానికేమో పోటీ ఎక్కువ. నాకైతే అది మంచి పద్ధతే అనిపిస్తుంది, ముగ్గురి ఇళ్లవాళ్లూ ముందు వరసలో కూర్చునేవాళ్లు.

కాటి సీనులో మా హరిశ్చంద్రుడు గొర్లు కాసే మనిషి. అక్షరం రాదు. హార్మోనిస్టు ఒక్కో పాదం చెబితే, మర్నాడంతా మంద వెంట తిరుగుతూ అదే అనుకునేవాడు. రాత్రి రిహార్సల్‌లో ఒక్క ఒత్తు పోయినా హార్మోనిస్టు పెట్టె ఆపి, "మొదటికి రా అన్నా" అనేవాడు. ఆ సీనులో పాడే శ్మశానం పద్యాలు బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారివి. నటులే తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. అంటరానితనానికి ఇక్కడ చోటు లేదనే పద్యం అందులో ఉంది. అది ఎత్తుకోగానే, అప్పటిదాకా దూరంగా కూర్చున్న దళితవాడ వాళ్లు లేచి ముందుకు వచ్చేవాళ్లు. హరిశ్చంద్రుడి కథ తెలియనిదెవరికి? ఆ పద్యం ఆయన నోట వినడానికే వచ్చేవాళ్లు.

ఇక మాభూమి నాటకం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాశారు. అప్పటి నల్గొండ జిల్లా కామారెడ్డిగూడెంలో భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో, అంటే అక్కడి దొరతో, కోర్టుల్లో కొట్లాడి, హత్యకు గురైన షేక్ బందగీ కథే దానికి ప్రేరణ. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి దళాలు ఆంధ్రలో ఊరూరా ఆడితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మనవాళ్లు వేసింది చాలా ఏళ్ల తర్వాత. పద్యాలు లేని నాటకమేంటని పెద్దలు ముందు సణిగారు. కానీ ఆ రాత్రి దొర వేషం స్టేజీ ఎక్కగానే, వెట్టి చేసిన ఒక ముసలమ్మ లేచి నిలబడి శాపనార్థాలు పెట్టింది. ఆ వేషం మన టైలర్‌దని ఆమెకు తెలుసు, ఆమె రవిక కుట్టింది ఆయనే. అయినా ఆగలేదు. మేమూ ఆపలేదు. ఆమె కూర్చునేదాకా టైలర్ తల వంచుకుని నిలబడి, తర్వాతే డైలాగు అందుకున్నాడు.

దసరాకు టైం తక్కువుంది కాబట్టి మొత్తం నాటకం పెట్టుకోకండి, కాటి సీను ఒక్కటి చాలు. ముందు హార్మోనిస్టును మాట్లాడుకోండి, వేషాలు ఆయన మీ గొంతులు విన్నాకే పంచుకోండి.

మీ తాత