పాముల ఇంటికి వచ్చిన నిచ్చెన

చిరంజీవులైన పిల్లలకు,

మీ అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది. వేసవి సెలవుల్లో మీరిక్కడ ఉన్నప్పుడు మీలో చిన్నవాడు తన బొమ్మ కారు ముందున్న గుండ్రటి బిళ్లను చూపించి, "అమ్మమ్మా, ఈ పాము నోట్లో మనిషున్నాడేమిటి?" అని అడిగాడు. అది ఆల్ఫా రోమియో కారు. ఆ బిళ్లలో ఒక పక్క మిలాన్ నగరపు ఎర్ర సిలువ, రెండో పక్క కిరీటం పెట్టుకుని మనిషిని నోట కరచుకున్న పాము ఉంటాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్న తొందరలో "అది ఎవరో రాజుల గుర్తులేరా" అని చెప్పి పంపేశాను. వాడు ఊరుకున్నాడు గాని, ఇన్నేళ్లు బడిలో చరిత్ర చెప్పినదాన్ని అంత పొడిగా జవాబివ్వడం నాకే నచ్చక, ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా జవాబులోని తప్పు దిద్దుకోవాలి. వాళ్లు రాజులు కారు. ఆ పాము ఉత్తర ఇటలీలోని మిలాన్‌ను ఏలిన విస్కొంతి వంశం వారిది. 1277లో ఆ వంశానికి చెందిన ఒత్తోనె అనే ఆర్చిబిషప్ (చర్చి పెద్ద) తన పగవారిని యుద్ధంలో ఓడించి నగరాన్ని చేజిక్కించుకున్నాడు. అప్పటినుంచి 1447లో ఆ వంశపు చివరి డ్యూక్ కొడుకులు లేకుండా చనిపోయేదాకా, నడుమ కొన్నేళ్ల ప్రవాసం మినహా, మిలాన్ వారి చేతిలోనే ఉంది. పో నది మైదానపు పంటలు, ఉన్ని వర్తకం, యూరప్ అంతటా పేరున్న మిలాన్ కవచాల పని, వీటన్నిటి మీద వచ్చే పన్నులతో వాళ్ల ఖజానా నిండుగా ఉండేది. లేనిదల్లా పాత వంశమనే గౌరవం. 1395లో జర్మన్ రాజు వెన్సెస్లాస్‌కు లక్ష ఫ్లోరిన్లు (బంగారు నాణేలు) చెల్లించి డ్యూక్ బిరుదు తెచ్చుకునేదాకా వాళ్లు కేవలం నగర ప్రభువులు. డబ్బుతో సైన్యాన్ని కొనవచ్చు, కోటలు కట్టవచ్చు. వంశగౌరవం మాత్రం పెళ్లి ద్వారానే ఇంటికి రావాలి. అందుకే వాళ్ల కథ చెప్పాలంటే ఆ ఇంటికి వచ్చిన కోడళ్ల కథ చెప్పాలి.

ఆ కాలపు పెళ్లి ఎలా కుదిరేదో కొంచెం తెలుసుకుంటే మిగిలినది సులువుగా అర్థమవుతుంది. మొదట రెండిళ్ల దూతలు మాట్లాడుకునేవారు. ఆ తర్వాత నోటరీ అనే రాతగాడు పెళ్లి ఒప్పందాన్ని లాటిన్‌లో రాసేవాడు. అందులో కట్నం ఎంత, ఎన్ని వాయిదాల్లో, ఏ కోట లేక ఏ ఊరు, భర్త ముందుగా పోతే ఏమవుతుంది అన్నవన్నీ ఉండేవి. కట్నాన్ని వాళ్లు దోతె అంటారు. దాన్ని భర్త వాడుకోవచ్చు గాని, అతను చనిపోతే భార్యకు తిరిగి చెల్లించాలని చట్టం. మన పెద్దలు స్త్రీధనం అన్నదానికి ఇది కొంత దగ్గరగానే ఉంటుంది, కాని పూర్తిగా అదీ కాదు. ఆ కాగితంలో అంకెల రూపంలో కనబడనిది ఇంకొకటి ఉండేది. పెళ్లికూతురు పుట్టింట మగ వారసులు లేకుండా పోతే, ఆ రాజ్యం మీద దావా వేసే హక్కు ఆమెతో పాటు మెట్టినింటికి నడిచి వచ్చేది. బంగారం ఖర్చయిపోతుంది, ఈ హక్కు మాత్రం ఆమె పోయాక కూడా బతికే ఉంటుంది.

మొదటి కోడలు ఫెరారా నగరపు ఎస్తె వంశం ఆడపడుచు బెయాత్రీచె. ఆమె మొదటి భర్త నీనో పీసా నగరంవాడు, సార్డీనియా దీవిలోని గల్లూరా అనే ప్రాంతానికి ప్రభువు. విచిత్రమేమంటే అతని ఇంటిపేరు కూడా విస్కొంతియే గాని మిలాన్ వారితో సంబంధం లేదు. అతని చిహ్నం కోడిపుంజు. అతను 1296లో చనిపోయాక, 1300లో ఆమె మిలాన్ వారి గలెయాత్సోను పెళ్లాడింది. మహాకవి డాంటే తన కావ్యంలో ఆ నీనో ఆత్మను కలుసుకున్నట్టు రాసి, నా భార్య నన్ను ఎంత త్వరగా మరిచిపోయిందో చూడు, కోడిపుంజు ఆమె సమాధికి ఇచ్చే అందాన్ని మిలాన్ పాము ఇవ్వలేదులే, అన్న అర్థం వచ్చే మాటలు అతని నోట పలికించాడు. రెండో పెళ్లి చేసుకున్న ఒక వితంతువు మీద వేసిన ఆ నింద ఏడు వందల ఏళ్లుగా చదువుతూనే ఉన్నారు. ఆమె 1334లో చనిపోయినప్పుడు సమాధి మీద పామునూ కోడిపుంజునూ పక్కపక్కనే చెక్కించారని చెబుతారు. డాంటేకు అంతకన్నా మంచి జవాబు నాకు తోచదు.

1350లో ఒకే ఏడు ఆ ఇంటికి ఇద్దరు కోడళ్లు వచ్చారు. అన్నదమ్ములైన గలెయాత్సో (ఇతను పై గలెయాత్సో తమ్ముడి కొడుకు), బెర్నబోలకు తండ్రి తోబుట్టువైన జొవాన్ని అనే ఆర్చిబిషప్ ఈ సంబంధాలు చూశాడు. గలెయాత్సోకు ఆల్ప్స్ కనుమలను ఏలే సవోయ్ ప్రభువు చెల్లెలు బియాంకా దొరికింది. ఆమె ఎక్కువగా పావీయా నగరంలో ఉండి, అక్కడ సన్యాసినులకు మఠం కట్టించింది. ఆమె కోసం కోమో చిత్రకారుడొకడు బొమ్మలు వేసిన చిన్న ప్రార్థన పుస్తకం ఇప్పుడు జర్మనీలోని మ్యూనిక్ గ్రంథాలయంలో ఉంది.

రెండో కోడలి దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగాలి. ఆమె వెరోనాను ఏలిన దెల్లా స్కాలా వంశపు పిల్ల. పేరు బెయాత్రీచె అయినా అందరూ రెజీనా అనేవారు. రెజీనా అంటే రాణి. స్కాలా అంటే నిచ్చెన. వాళ్ల జెండా మీద ఉన్నదీ నిచ్చెనే. మీరు ఎండ పొద్దంతా వసారాలో వైకుంఠపాళి ఆడారు గదా, అలా నిచ్చెన ఇంటి పిల్ల పాము ఇంటికి కోడలై వచ్చింది. మన ఆటలో నిచ్చెన ఒక గడి, పాము ఒక గడి. అక్కడ రెండూ ఒకే ఇంట కాపురం చేశాయి.

భర్త బెర్నబో మామూలు మనిషి కాడు. వేట పిచ్చితో వేల కుక్కలను ఊళ్లలోని ఇళ్లకు పంచి, మీరే సాకండి అని ఆజ్ఞ వేశాడట. తనిఖీకి తెచ్చినప్పుడు కుక్క చిక్కిపోయి ఉన్నా జరిమానా, బలిసిపోయి ఉన్నా జరిమానా. అతనికి కోపం వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి మాట్లాడగలిగింది రెజీనా ఒక్కతే అని నాటి వృత్తాంతకారులు రాశారు. ఆమెకు పదిహేనుమంది పిల్లలు. కూతుళ్లలో ఒకరిని ఆస్ట్రియాకు, ఒకరిని సైప్రస్‌కు, ఇంకొందరిని బవేరియాకు ఇచ్చారు. బవేరియాకు వెళ్లిన తద్దేయా అనే కూతురి కూతురే తర్వాత ఫ్రాన్స్ రాణి ఇసబో. అయితే ఆమె పేరు చెప్పుకోవడానికి సంతానం ఒక్కటే కారణం కాదు. 1375లో వెరోనా ప్రభువైన ఆమె తమ్ముడు చనిపోయి, పెళ్లికాని సంబంధం వల్ల పుట్టిన ఇద్దరు కుర్రవాళ్లు గద్దెనెక్కినప్పుడు, సక్రమ సంతానాన్ని నేను ఉండగా వాళ్లెవరు అని రెజీనా దావాకు దిగింది. మిలాన్ సైన్యం వెరోనా మీదికి నడిచింది. 1379లో సంధి కుదిరి, వెరోనావారు పెద్ద మొత్తం చెల్లించుకుని ఊపిరి పీల్చుకున్నారు.

1381లో రెజీనా మిలాన్‌లో మేరీమాతకు ఒక గుడి కట్టించింది. కట్టించినామె పుట్టింటి పేరుతో దాన్ని సాంతా మరీయా దెల్లా స్కాలా అన్నారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత 1776లో, నగరంలోని పాత నాటకశాల కాలిపోయాక, కొత్తది కట్టడానికి ఆ గుడిని పడగొట్టారు. 1778లో తలుపులు తెరిచిన ఆ నాటకశాలకు గుడి పేరే నిలిచింది. సంగీతం తెలిసినవారు ప్రపంచమంతటా లా స్కాలా అని గౌరవంగా పలికే భవనం అదే. అక్కడ పాటకు చప్పట్లు కొట్టేవారిలో ఎంతమందికి అది ఒక కోడలి పుట్టింటి నిచ్చెన అని తెలుసునో!

రెజీనా సంగతి చెబుతూ ఇంకొకామెను దాటిపోయాను. 1356లో ఫ్రాన్స్ రాజు జాన్ యుద్ధంలో ఓడి ఇంగ్లండ్‌వారికి బందీగా చిక్కాడు. విడుదలకు వాళ్లు అడిగింది ముప్పై లక్షల బంగారు ఎక్యూలు. ఖాళీ అయిన దేశపు ఖజానాతో అంత డబ్బు ఎక్కడినుంచి తేవాలి? మిలాన్ నుంచి తెచ్చారు. బియాంకా భర్త గలెయాత్సో లక్షల ఫ్లోరిన్ల బంగారం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. బదులుగా రాజు కూతురు ఇసబెల్‌ను తన కొడుకు జాన్ గలెయాత్సోకు ఇమ్మన్నాడు. 1360 అక్టోబరులో మిలాన్‌లో పెళ్లి జరిగింది. పెళ్లికూతురికి అప్పుడే పన్నెండు నిండాయి. పెళ్లికొడుకుకు తొమ్మిది ఇంకా నిండలేదు. మీలో పెద్దదానికి పన్నెండు, చిన్నవాడికి ఎనిమిది. ఒకసారి ఒకరి ముఖం ఒకరు చూసుకోండి. ఫ్రాన్స్ రాజు తన కన్నబిడ్డను వేలం వేశాడని నాటి ఫ్లోరెన్స్ వృత్తాంతకారుడు ఈసడించుకున్నాడు. గలెయాత్సో మాత్రం మహదానందపడి, అప్పుడు మిలాన్‌లోనే ఉంటున్న కవి పెట్రార్క్‌ను, రాజును అభినందించి రమ్మని పారిస్‌కు రాయబారం పంపాడు. ఇసబెల్ అరణంగా వెర్చూ అనే చిన్న జాగీరు వచ్చింది. దాని పేరును ఇటాలియన్‌లోకి తిప్పితే సద్గుణమనే అర్థం వస్తుంది గనుక, ఆమె భర్తను చాలా ఏళ్లు సద్గుణ ప్రభువు అని పిలిచారు. 1372లో పావీయాలో ఆమె ప్రసవ సమయంలో చనిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లయినా నిండలేదు. పిల్లల్లో చివరకు పెరిగి పెద్దయింది వలెంతీనా అనే కూతురొక్కతే.

ఆ తర్వాత 1380లో జాన్ గలెయాత్సో చేసుకున్నది ఎవరిననుకున్నారు? రెజీనా, బెర్నబోల కూతురు కాతెరీనాను. అంటే తన చిన్నాన్న కూతుర్ని. మన వరసల ప్రకారం వాళ్లు అన్నాచెల్లెళ్లు. విన్న వెంటనే మీ అమ్మ చెవులు మూసుకుంటుంది. వాళ్ల చర్చికి మేనరికమైనా పినతండ్రి పిల్లలైనా ఒకటే నిషేధం, కనుక పోపు నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు. అన్నదమ్ములు గలెయాత్సో, బెర్నబోల మధ్య రెండు కొమ్మలుగా చీలిన రాజ్యాన్ని ఒక పెళ్లితో కలిపి ఉంచుదామన్నది పెద్దల ఆలోచన. రెజీనా 1384లో కన్నుమూసింది. మరుసటి ఏడాది మే 6న, వరేసె కొండ మీది మేరీమాత దర్శనానికి వెళుతున్నానని కబురు పంపి, జాన్ గలెయాత్సో పరివారంతో మిలాన్ వెలుపలి దారిన వచ్చాడు. దైవభక్తి ఎక్కువైన పిరికి అల్లుడని నవ్వుకునే బెర్నబో, ఎదురెళ్లి పలకరిద్దామని ఆయుధాలు లేకుండా బయలుదేరాడు. ఆలింగనం అయిన మరుక్షణమే సైనికులు చుట్టుముట్టి అతన్ని బంధించారు. ఆ డిసెంబరులోనే అతను త్రెత్సో కోటలో చనిపోయాడు. విషం పెట్టారని అందరూ అనుకున్నారు.

ఇక కాతెరీనా స్థితి ఊహించండి. తండ్రిని చెరలో పెట్టినవాడు తన భర్త. తోడబుట్టినవారు పరారీలో ఉన్నారు. తనకింకా బతికిన బిడ్డ లేడు. పుట్టింటి దారి మూసుకుపోయింది, మెట్టినింటి నేల గట్టిగా లేదు. రెండేళ్ల తర్వాత 1387లో భర్త వెరోనా, విచెంజాలను ఆక్రమించినప్పుడు, చెప్పుకున్న న్యాయం మాత్రం ఆమె తల్లి రెజీనా హక్కే. మామను పడగొట్టినవాడికి అత్తగారి వారసత్వం పనికివచ్చింది! 1390లో, కాన్పు ప్రాణం మీదికి వస్తుందన్న భయంతో, పావీయా దగ్గర కార్తూసియన్ సన్యాసులకు మఠం కట్టించాలని కాతెరీనా వీలునామాలో రాయించింది. కొడుకులిద్దరికీ మేరీమాత పేరు కలిపి జొవాన్ని మరీయా, ఫిలిప్పో మరీయా అని పేర్లు పెట్టారు. మఠానికి 1396 ఆగస్టు 27న శంకుస్థాపన చేసినది మాత్రం భర్త. కట్టడం ఘనతంతా అతనికే వెళ్లింది. పావీయా చెర్తోజా అనే ఆ మఠాన్ని ఇప్పటికీ యాత్రికులు చూడవస్తారు. 1402లో అతను చనిపోగా కాతెరీనా చిన్న కొడుకుల తరఫున రాజ్యం చక్కబెట్టబోయింది గాని, పెద్దకొడుకు మాట వినక ఆమెనే చెరలో పెట్టాడు. 1404లో మోంత్సాలో ఆ చెరలోనే పోయింది.

ఇంకో బెయాత్రీచె కథ చెప్పడానికి చేయి రాదు, కాని దాచను. 1412లో కాతెరీనా రెండో కొడుకు ఫిలిప్పో మరీయాకు సైన్యమూ డబ్బూ లేక గద్దె ఊగుతుంటే, అప్పుడే చనిపోయిన ఫచీనో కానె అనే దండనాయకుడి వితంతువును పెళ్లాడమని సలహా ఇచ్చారు. ఆమెకు నలభై, అతనికి ఇరవై. ఆమెతో పాటు నాలుగు లక్షల డుకాట్లు (ఇవీ బంగారు నాణేలే), అలెస్సాంద్రియా, నొవారా వంటి నగరాలు, యుద్ధాల్లో ఆరితేరిన దండూ వచ్చాయి. వాటితో అతను తండ్రి రాజ్యాన్ని మళ్లీ కూడగట్టుకున్నాడు. ఇక ఆమెతో పని లేదనుకున్నాక, తన కొలువులోని ఒక కుర్ర సంగీతకారుడితో సంబంధం అంటగట్టి, హింసించి విచారించి, 1418 సెప్టెంబరులో బినాస్కో కోటలో తల నరికించాడు. భర్త చనిపోతే కట్నం తిరిగివ్వాలన్న చట్టం ఉండేదని పైన రాశాను. భార్యను చంపిన భర్త చెల్లించాల్సిందేమిటో ఆ ఒప్పందాల్లో ఎవరూ రాసుకోలేదు.

చివరికి ఇసబెల్ కూతురు వలెంతీనా దగ్గరికి వద్దాం. ఆమెను తల్లి పుట్టిల్లైన ఫ్రాన్స్‌కే, రాజు తమ్ముడైన ఓర్లియాన్స్ ప్రభువు లూయీకి ఇచ్చారు. 1387 నాటి ఆ పెళ్లి ఒప్పందంలో, విస్కొంతి మగ సంతతి అంతరిస్తే మిలాన్ వలెంతీనాకు, ఆమె పిల్లలకు చెందుతుందన్న షరతు ఒకటి చేర్చారు. ఆ రోజున ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకుని ఉండరు. 1447లో మగ సంతతి నిజంగానే అంతరించింది. మిలాన్ స్ఫోర్త్సా అనే వేరే వంశం చేతికి పోయింది. ఆమె మనవడు పన్నెండో లూయీ ఫ్రాన్స్ రాజయ్యాక నానమ్మ కాగితం బయటికి తీసి, 1499లో సైన్యంతో ఆల్ప్స్ దాటి మిలాన్‌లో అడుగుపెట్టాడు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ కారు తెచ్చుకోండి. వైకుంఠపాళి అట్ట ఇక్కడే అటక మీద ఉంది.

ఇట్లు,
మీ అమ్మమ్మ