పుట్టుమచ్చ ఉన్న చోట కత్తి పెట్టొచ్చా? అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో నాకు చిన్న కటింగ్ షాపు ఉంది. ఇరవై రెండేళ్ల నుంచి గడ్డాలు గీస్తున్నాను, అంతకుముందు మా బాపు పొది పట్టుకుని ఊళ్లలో ఇంటింటికీ తిరిగి గీసేవాడు. కుర్చీలో కూర్చోగానే "తమ్మీ, ఆడ పుట్టుమచ్చ ఉంది, జర పైలం" అనే మాట రోజుకు ఒక్కసారైనా వింటాను. అలా చెప్పేవాళ్లతో నాకు ఏ ఇబ్బందీ లేదు. చెప్పకుండా కళ్లు మూసుకునేవాళ్లతోనే భయం. అందుకే ఇప్పుడు నురగ పెట్టకముందే ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, వేళ్లతో ఒకసారి తడిమి చూస్తాను.

అపోహ: పుట్టుమచ్చ తెగితే క్యాన్సర్ అవుతుంది.

కాదు. కత్తి గాటు వల్ల మంచి మచ్చ క్యాన్సర్‌గా మారదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దమనిషికి దవడ కింద శనగగింజంత ఉబ్బెత్తు మచ్చ ఉండేది, నేనేమో నురగ మందంగా పట్టించి దాన్ని పూర్తిగా కప్పేశాను. కత్తి తగిలింది, తెల్లటి నురగ ఎర్రగా అయింది. నా చేతులు వణికాయి. బాపు వచ్చి శుభ్రమైన బట్ట మడతపెట్టి మచ్చ మీద అదిమి, "గోడ మీద గడియారం చూడు, పది నిమిషాల దాకా చెయ్యి తియ్యకు" అన్నాడు. మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డకట్టే రక్తం మళ్లీ కారుతుంది, అదీ దాని సంగతి. పది నిమిషాలకు ఆగింది. ఉబ్బెత్తు మచ్చలో రక్తనాళాలు ఉంటాయి కాబట్టి మామూలు గాటు కంటే ఎక్కువే కారుతుంది, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు మాత్రం ముందే చెప్పాలి. ఎంత అదిమినా ఆగకపోతే దవాఖానకు పోవాలి. మచ్చ సగం తెగిపోతే ఆ ముక్కను పారేయకుండా డాక్టరుకు చూపించండి, ఎందుకంటే మిగిలినది మళ్లీ పెరిగేటప్పుడు రంగు వంకరటింకరగా వచ్చి చూసేవాళ్లను తికమక పెడుతుంది.

అసలు భయపడాల్సింది కత్తి తగలకుండానే రక్తం వచ్చే మచ్చకు. నా దగ్గరికి పదిహేను రోజులకోసారి ఒక రిటైర్డ్ సార్ వస్తారు. ఆయన ముక్కు పక్కన నల్లటి చిన్న బొడిపె, అంచు కొద్దిగా మెరుస్తూ ఉండేది, నడిమధ్య చెక్కు కట్టి ఉండేది. "మొన్న నువ్వే గీరి ఉంటావు" అన్నారు. నేను అక్కడ కత్తే పెట్టలేదు. మూడోసారి వచ్చినప్పుడు కూడా అదే చెక్కు కనబడేసరికి, "సార్, ఇది నా చేతిలో పని కాదు, ఎంజీఎం దవాఖానలో చర్మం డాక్టరుకు చూపించుకోండి" అని గట్టిగా చెప్పాను. ముక్క తీసి పరీక్ష చేస్తే చర్మ క్యాన్సరే అని తేలింది, బేసల్ సెల్ రకం. అది నెమ్మదిగా పెరుగుతుంది, ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదు, కానీ వదిలేస్తే ఉన్నచోటే తినేస్తుంది. మనలాంటి చామనచాయ చర్మం మీద నల్లగా, అచ్చం పుట్టుమచ్చలా కనబడుతుంది. ఆపరేషన్ అయింది, ఆయన ఇప్పటికీ నా కుర్చీలోనే కూర్చుంటారు.

కాబట్టి మచ్చ ఒక పక్క ఒకలా ఇంకో పక్క ఇంకోలా ఉన్నా, అంచులు చెదిరినట్టు ఉన్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనబడినా, 6 మిల్లీమీటర్లు దాటినా (పెన్సిల్ వెనక భాగమంత అనుకోండి) చూపించుకోండి. వీటన్నిటికంటే ముఖ్యం మార్పు. ఏళ్ల తరబడి ఒకేలా ఉన్న మచ్చ నెలల్లో పెరగడం, దురద పెట్టడం, మానని పుండు అవడం. మెలనోమా అనే ప్రమాదకరమైన రకం మనవాళ్లకు ముఖం కంటే అరికాలు, అరచెయ్యి, గోరు కింద ఎక్కువగా వస్తుంది. మంగలి కంట పడని చోట్లు అవి, మీరే చూసుకోవాలి.

అపోహ: నురగ ఎంత మందంగా ఉంటే అంత సేఫ్.

మిగతా ముఖానికి సరే. మచ్చ దగ్గర మాత్రం నురగను వేలితో పక్కకు తుడిచి, పలచగా తడి ఉంచాలి, అంచు కంటికి కనబడాలి. ఎడమ చేతి వేళ్లతో చర్మాన్ని మచ్చకు దూరంగా సాగదీసి, కత్తిని దాదాపు 30 డిగ్రీల వాలులో పెట్టి, వెంట్రుక వాలు వైపే చిన్న చిన్న గీతలతో మచ్చ దాకా వచ్చి ఆపాలి. కత్తి ఎత్తాలి. అవతలి పక్క నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మచ్చ మీదుగా ఒక్క గీతలో దాటించేవాడికి తొందర ఎక్కువని అర్థం. ఉల్టా గీస్తేనే నున్నగా వస్తుందని కొందరు పట్టుబడతారు, మచ్చ చుట్టూ వేలెడు దూరం ఉల్టా వద్దే వద్దు. అక్కడ రెండు వెంట్రుకలు మిగిలితే ఎవరూ చూడరు.

ఇంట్లో గీసుకునేవాళ్లకు మూడు బ్లేళ్ల రేజర్ అయితే భయం లేదని అనుకోకండి, ఉబ్బెత్తు మచ్చ ఆ బ్లేళ్ల సందులో పట్టుకుంటుంది. ట్రిమ్మర్ నయం. మీ చెయ్యితో మీకే కత్తి పట్టుకోవడం అలవాటు లేకపోతే మచ్చ దగ్గర ప్రయోగాలు చేయొద్దు.

అపోహ: మచ్చ మీది వెంట్రుక కత్తిరించొద్దు, మచ్చ పెరుగుతుంది.

చిన్న కత్తెరతో కత్తిరించండి, ఏమీ కాదు. పీకితే క్యాన్సర్ రాదుగానీ కుదురు వాచి చీము పట్టొచ్చు.

అపోహ: పులిపిరి, పుట్టుమచ్చ రెండూ ఒకటే.

ఈ తేడా తెలియక చాలామంది బాధపడటం చూశాను. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది, పైన గరుకుగా, ఒక్కోసారి సన్నని ముళ్లలా లేచి ఉంటుంది. దాని మీద కత్తి నడిస్తే, ఆ కత్తి పోయిన దారిలోనే కొన్నాళ్లకు వరసగా కొత్తవి లేస్తాయి. ఒకబ్బాయికి చెంప మీద ఒక్కటి ఉన్నది గడ్డమంతా అయింది. అలాంటివాళ్లు తగ్గేదాకా నున్నగా గీయించుకోవద్దు, నేనైతే గీయను, కోపం వచ్చినా సరే. సున్నం, సోడా, జీడిరసం పెట్టి రాల్చుకునే పని అంతకన్నా వద్దు. అవి మచ్చతో పాటు చుట్టూ ఉన్న చర్మాన్నీ కాలుస్తాయి. పదో తరగతి మెమోలో రాసిన మచ్చ పోతే ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందని డాక్టరు తీయమన్నా తీయించుకోని వాళ్లున్నారు. ప్రాణం కంటే ఆ కాగితం పెద్దది కాదు.

అపోహ: పటిక రుద్దితే క్రిములన్నీ చస్తాయి.

పటిక చిన్న గాటుకు రక్తం ఆపుతుంది, అంతవరకే. అందరికీ రుద్దిన అదే రాయి మీ గాటు మీద పడుతుంటే వద్దనండి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది, ఎండిన రక్తపు చుక్కలో కూడా. కత్తిని డెటాల్ నీళ్లలో ముంచి తీస్తే పోదు. బాపు కాలంలో సానరాయి మీద నూరి, తోలుపట్టీకి దువ్విన ఒకే కత్తి ఊరందరికీ నడిచేది. ఇప్పుడు సగం బ్లేడు వేసే ఉస్తరా ఉంది, ఆ సగం బ్లేడు మీ కళ్ల ముందే కొత్తది విరిచి వేయాలి. అడగడానికి మొహమాటపడకండి. మా వృత్తిలో ఉన్న తమ్ముళ్లూ, హెపటైటిస్ బి టీకా మూడు డోసులు మీరు కూడా వేయించుకోండి.

ఇంకొకటి. మేడారంలో, వేములవాడలో తలనీలాలు ఇచ్చేటప్పుడు జనం తోసుకుంటూ ఉంటారు, కత్తి పట్టినవాడికి ఊపిరి తీసుకునే సందు ఉండదు, పైగా జుట్టు కింద మచ్చ ఎవరికీ కనబడదు. ఇంట్లో బయల్దేరే ముందే తల తడిమి చూసుకోండి. చిన్నపిల్లలకైతే తల్లే చూడాలి. మచ్చ ఉంటే నీళ్లు చల్లకముందే దాని మీద వేలు పెట్టి "అన్నా, ఇక్కడ" అని చూపించండి.