కీళ్లు అతిగా వంగే వారి వ్యాయామం: అపోహలు – వాస్తవాలు

హైదరాబాదులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరకు మెడనొప్పితోనో మోకాళ్ల నొప్పితోనో వచ్చే యువతులలో కొందరు ఎక్స్‌రే, ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షల రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టుకొని వచ్చి, "అన్నీ నార్మలే అన్నారు మేడమ్, రోజూ స్ట్రెచింగ్ చేస్తున్నాను, అయినా నొప్పి పెరుగుతూనే ఉంది" అంటారు. పరీక్షించి చూస్తే వారి చిటికెనవేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగుతుంది, బొటనవేలు ముంజేతిని తాకుతుంది, నిలబడినప్పుడు మోకాళ్లు వెనక్కి పోతాయి. కీళ్లు ఎంత వదులుగా ఉన్నాయో ఇలా వంచి చూసి లెక్కించే బేటన్ స్కోరులో 9కి 5 లేదా అంతకు మించి వచ్చే ఇటువంటి పెద్దలకు కీళ్లు అతిగా వదులుగా ఉన్నాయని అర్థం.

వీరికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఒక్కటే: కండరం పట్టేసినట్టు అనిపిస్తే దానిని సాగదీయాలి. ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు వదులుగా ఉన్నప్పుడు, కీలును పట్టి నిలిపే భారమంతా చుట్టూ ఉన్న కండరాల మీద పడుతుంది. పగలంతా ఆ కాపలా పని చేసి అలసిపోయిన కండరమే సాయంత్రానికి బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. దానిని సాగదీస్తే కాసేపు హాయిగా ఉంటుంది, కానీ ఆ సాగుడులో కీలు మళ్లీ తన చివరి హద్దు దాకా పోతుంది, కండరం మరింత గట్టిగా బిగుసుకుంటుంది, మరునాడు ఇంకొంచెం ఎక్కువ సాగదీయాలనిపిస్తుంది. నిజంగానే కురచబడిన కండరాలు వీరిలోనూ ఉండవచ్చు, అయితే వాటిని పరీక్ష చేసి గుర్తించాలే తప్ప, బిగుతుగా అనిపించిన ప్రతిచోటా సాగదీయకూడదు.

కొండాపూర్ వైపు నుంచి వచ్చే ఒక ఐటీ ఉద్యోగినికి అపార్టుమెంటు యోగా క్లాసులో "ఒళ్లు విల్లులా వంగుతుంది" అని మంచి పేరు. ఆమె త్రికోణాసనం వేసి చూపించినప్పుడు ముందు కాలి మోకాలు పూర్తిగా వెనక్కి తాళం పడిపోయింది, తొడ కండరం మెత్తగా, ఏ పనీ లేకుండా ఉంది, శరీర భారమంతా మోకాలి వెనుక లిగమెంట్ల మీదే ఆనింది. మోకాలిని నూలుపోగంత సడలించమని చెప్పగానే తొడ గడగడ వణకసాగింది. "ఇదేంటి మేడమ్, ఇంత తేలికైన ఆసనానికే కాలు వణుకుతోంది?" అని ఆమె కంగారు పడ్డారు. అంతవరకు సెలవులో ఉన్న కండరం అప్పుడే పనిలోకి వచ్చిందని చెప్పి, ఆ భంగిమలో పది సెకన్లు మాత్రమే నిలవమన్నాను.

బరువులు ఎత్తితే వదులు కీళ్లు పాడవుతాయన్న మాట ఎవరు పుట్టించారో గానీ, దానిని నమ్మి వ్యాయామమే మానేసిన వారిని చూస్తే బాధ కలుగుతుంది. వీరికి మందు కండర బలమే. మొదట కీలు కదలకుండా కండరాన్ని బిగించి పట్టే ఐసోమెట్రిక్ వ్యాయామాలు, తరువాత గోడ పుషప్‌లు, వెల్లకిలా పడుకొని నడుమును పైకెత్తే బ్రిడ్జింగ్, తక్కువ బరువుతో నెమ్మదిగా చేసే కదలికలు మేలు చేస్తాయి. మోచేయి, మోకాలు తాళం పడక ముందే ఆగాలి. వీరిలో చాలామందికి కీలు ఏ స్థితిలో ఉందో తెలిపే స్పృహ తక్కువగా ఉంటుంది కనుక, అద్దం ముందు చేయడం అవసరం. బరువును, ఎన్నిసార్లు చేస్తామనే సంఖ్యను ఒకేసారి పెంచకూడదు. కండరం కాస్త నొప్పిపెట్టి మరునాటికి సర్దుకుంటే భయం లేదు. రెండో రోజుకూ కీలు నొప్పి తగ్గకపోతే మోతాదు తగ్గించాలి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. కాల్షియం మాత్రలు లిగమెంట్లను బిగించవు. మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) అవసరానికి వేసుకోవచ్చు గానీ, అది కండరానికి బదులు కాదు. వేళ్లు విరుచుకుంటే కీళ్లవాతం రాదు, కానీ స్నేహితులకు చూపించడానికి భుజాన్ని జారవిడవడం మాత్రం వెంటనే మానాలి. కీళ్లు వంగే ప్రతివారికీ ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్ (శరీర భాగాలను కలిపి ఉంచే కణజాలం బలహీనంగా ఉండే జన్యుపరమైన జబ్బు) ఉన్నట్టు కాదు. 2017 వర్గీకరణలో దానికి 13 రకాలున్నాయి, వాటిని తేల్చవలసింది వైద్యులు. అర్ధరాత్రి వరకు ఫోనులో చదివి చక్రాల కుర్చీ తప్పదని ఏడ్చిన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే, కీళ్లు వదులుగా ఉన్నవారిలో ఎక్కువ మందికి ఏ ఇబ్బందీ ఉండదు.

అయితే కీలు పదేపదే జారుతున్నా, లేచి నిలబడగానే గుండె దడతో కళ్లు తిరుగుతున్నా, దగ్గరి బంధువులలో ఎవరికైనా గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చిట్లిన చరిత్ర ఉన్నా, వ్యాయామం మొదలుపెట్టే ముందు వైద్యులను కలవండి. కళ్లు తిరిగే వారు మే నెల ఎండలో కేబీఆర్ పార్కు చుట్టూ నడవడం కన్నా, ఇంట్లో పడుకొని, కూర్చొని చేసే వ్యాయామాలతో మొదలుపెట్టడం మంచిది. యోగా క్లాసుకు వెళ్లేవారు మానవలసిన పని లేదు, గురువుగారు వీపు మీద చేయి వేసి ఇంకా కిందికి నొక్కబోతే మాత్రం, నొక్కవద్దని ముందుగానే మర్యాదగా చెప్పండి.