ఇంటి చదువు డబ్బున్నవాళ్లకేనా? అపోహలు - వాస్తవాలు

మా ఇద్దరు పిల్లలకీ ఆరేళ్లుగా ఇంట్లోనే చదువు చెప్తున్నాను. ఇల్లు గడిచేది ఆయన జీతం ఒక్కదానితోనే. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది ఖర్చు గురించే.

అపోహ: ఆన్‌లైన్ కోర్సులు, ట్యాబ్‌లు, కిట్లు కొనాల్సిందే.

వాస్తవం: మొదటి ఏడాది నేనూ ఒక కోర్సుకి డబ్బు కట్టాను. మూడు వారాల తర్వాత పిల్లలు దాని మొహం చూడలేదు. ఇప్పుడు మా పాఠ్యపుస్తకాలన్నీ ఉచితమే. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసే పుస్తకాలు ఈ-పాఠశాల వెబ్‌సైట్‌లో, దీక్షా యాప్‌లో దొరుకుతాయి. తెలుగు కథలకి స్టోరీవీవర్ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. మేం హైదరాబాద్‌లో ఉంటాం కాబట్టి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటాం.

లెక్కలకైతే ఇల్లే చాలు. ప్రతి నెలా ఒకటో తారీఖున మా చిన్నవాడు స్టూలెక్కి కరెంటు మీటరు చూసి అంకెలు రాసుకుంటాడు. పోయిన నెల రీడింగ్ తీసేస్తే ఎన్ని యూనిట్లు కాలాయో తెలుస్తుంది. వంద దగ్గర అప్పు తెచ్చుకోవడం వాడికి వచ్చింది అక్కడే. గుణకారం, భాగహారం వామనగుంటల్లో, చింతగింజలు పంచుతూ నేర్చుకున్నాడు. పద్నాలుగు గుంటలు, గుంటకి ఐదు గింజలు. మొత్తం ఎన్ని కావాలో ముందే చెప్పి, డబ్బాలోంచి లెక్కపెట్టి తీసేవాడు.

అపోహ: బడికి పంపకపోతే కేసు పెడతారు.

వాస్తవం: 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చనివాళ్లకి అందులో శిక్ష రాయలేదు. ఇంటి చదువు ఊసే లేదు. ఈ సంగతి తెలుసుకునే దిగండి.

అపోహ: సర్టిఫికెట్ రాదు, పిల్లల భవిష్యత్తు పోతుంది.

వాస్తవం: 14 ఏళ్లు నిండితే జాతీయ ఓపెన్ స్కూల్, అంటే ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి కట్టొచ్చు. ఐదు సబ్జెక్టులు పాసైతే చాలు. తెలుగు మీడియం కూడా ఉంది. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు ఉంటుంది కాబట్టి, అన్నీ ఒకేసారి రాయాలన్న టెన్షన్ లేదు. ఐదు సబ్జెక్టులతో అక్కడే ఇంటర్ స్థాయి పూర్తిచేసినవాళ్లు జేఈఈ రాయొచ్చు. తెలంగాణకి, ఆంధ్రాకి సొంత ఓపెన్ స్కూళ్లు కూడా ఉన్నాయి.

అపోహ: నలుగురితో కలవరు.

వాస్తవం: సాయంత్రం గల్లీలో క్రికెట్ ఆడే పిల్లల్లో ఎవరు ఏ బడో ఎవరూ అడగరు.

అపోహ: ఇంటి చదువుకి ఖర్చే ఉండదు.

వాస్తవం: నన్ను బాగా బాధపెట్టేది ఈ మాటే. పుస్తకాలు ఉచితమే, కానీ పొద్దున నాలుగు గంటలు పిల్లల పక్కన కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. నేను ఉద్యోగం మానేశాను. ఆ జీతమే మాకైన అసలు ఖర్చు. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం, యూనిఫాం, పుస్తకాలు ఊరికే వస్తాయి. అవీ వదులుకోవాలి. భార్యాభర్తలిద్దరూ ఎనిమిదింటికే పనికి వెళ్లిపోయే ఇంట్లో బడి మాన్పించమని నేనెప్పుడూ చెప్పను. వాళ్లకి సాయంత్రం ఒక గంట, ఆ మీటరు, ఆ చింతగింజలు చాలు.

మాన్పించాలనే నిర్ణయించుకుంటే ముందు ఒక వేసవి సెలవులంతా ఇంట్లో చెప్పి చూడండి. బడి నుంచి టీసీ, స్టడీ సర్టిఫికెట్ తీసుకుని దాచండి. ఆధార్‌లో, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మా పెద్దమ్మాయికి ఒక అక్షరం తేడా వచ్చింది. దాన్ని సరిచేయించడానికి రెండు నెలలు తిరిగాం.