గుప్తదానం ఏ కాలమ్‌లో రాయాలి?

మే నెల సగం దాటిందంటే మా కోనసీమ ఊరి సేవా సంఘం కార్యదర్శి మాస్టారికి టెన్షన్ మొదలవుతుంది. దాతలకి ఆదాయపు పన్ను మినహాయింపు దొరికే 80జీ గుర్తింపు ఉన్న సంస్థలు ఏడాదిలో ఎవరు ఎంత ఇచ్చారో పాన్ లేదా ఆధార్ నంబరుతో సహా మే 31 లోపు ఫారం 10బీడీలో ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. 2021-22 లెక్కల నుంచి వచ్చిన రూలు ఇది. ఆయన రసీదు పుస్తకంలో చాలాచోట్ల పేరు దగ్గర ‘గుప్తదానం’ అని ఉంటుంది. ఒక రసీదు మీద ‘కొబ్బరికాయల సొమ్ము’ అని రాసి, పక్కన రెండు వేలు. అంతే. “పేరు రాయొద్దని చేతులు పట్టుకున్నారండీ. ఇప్పుడెళ్లి ఆధార్ ఎలా అడగను?” అంటారు.

ఇవ్వడం ఈ గడ్డకి కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి పండింది, గాదెలు నిండాయి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకి వచ్చినట్టు అన్నం పెట్టారు. ఆవిడ దగ్గర వోచర్లు అడిగినవాళ్లు లేరు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారి దారి వేరు. 1906లో హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తి దానికి రాసిచ్చేశారు. తన తర్వాత పని ఎలా నడవాలన్నది ఆయన ముందే ఆలోచించారు. మన దగ్గర సంస్థ నడపడం గురించి మాట్లాడాలంటే నేను మొదలుపెట్టేది అక్కడి నుంచే.

సేవా సంస్థ నడపడాన్ని యూనివర్సిటీ చదువుగా మార్చింది మాత్రం అమెరికా వాళ్లు. 1974లో హెన్రీ రోసో శాన్‌ఫ్రాన్సిస్కోలో విరాళాల సేకరణ నేర్పే స్కూలు పెట్టారు. చందా అడగడానికి కూడా పాఠాలా అని మనవాళ్లు నవ్వొచ్చు. వినాయక చవితికి చందా పుస్తకం పట్టుకుని తిరిగినవాళ్లు మాత్రం నవ్వరు. 1984లో క్లీవ్‌ల్యాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో లాభాపేక్ష లేని సంస్థల కోసం మాండెల్ సెంటర్ వచ్చింది. 1987లో ఇండియానాపొలిస్‌లో ఇండియానా విశ్వవిద్యాలయం దాతృత్వంపై ఒక కేంద్రం తెరిచింది. లిల్లీ ఎండోమెంట్ అనే దాతృత్వ సంస్థ అండగా నిలిచింది, రోసో స్కూలు కూడా అక్కడికే చేరింది. ఆ కేంద్రమే పెరిగి 2012లో పూర్తిస్థాయి స్కూలైంది. దాతల డబ్బుతో నడిచే ఉద్యోగాలు అక్కడ లెక్కలేనన్ని, అందుకే డిగ్రీకి గిరాకీ ఉంది.

మన దేశంలో సామాజిక సేవ చదువు 1936లో టాటా సంస్థతో బొంబాయిలో మొదలైంది. సహకార సంఘాలకి మేనేజర్లు కావాలని అమూల్ పాల ఉద్యమం నడిపిన వర్గీస్ కురియన్ 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇర్మా అనే గ్రామీణ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ పెట్టారు. మామూలు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ)లో సంస్థ నడపడం ఏదో ఒక పేపరుగా ఇమిడిపోతుంది.

డెల్టాలో ఈ చదువు అసలు అవసరం 1996 నవంబరు 6 తుపానుతో తెలిసొచ్చింది. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. సాయం లారీల్లో వచ్చింది. ఒకే వీధికి రెండుసార్లు దుప్పట్లు అందాయి, పక్క వీధికి ఒక్కటీ లేదు. జాబితా రాసుకున్నవాడు లేకపోవడమే కారణం, దొంగతనం కాదు.

ఆ తర్వాత చట్టాలు వరసగా వచ్చాయి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలంది. ఆ డబ్బు కావాలంటే ప్రాజెక్టు రిపోర్టు, ఫొటోలు, వినియోగ పత్రం అన్నీ ఇవ్వాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆ విరాళం ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో పడాలి, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. గుమస్తా జీతమూ అందులోనే. చిన్న సంఘాలు ఇక్కడే చతికిలబడుతున్నాయి.

2006 నుంచి రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ సేవా సంస్థలు నడపడం నేర్పే కోర్సు పెడితే నాయకత్వం గురించిన ఉపన్యాసాలు తర్వాత చూసుకోవచ్చు, మొదటి నెలంతా రసీదు పుస్తకం, మినిట్స్ పుస్తకం రాయించాలంటాను నేను.

మాస్టారు ఈ ఏడాది రసీదులు కొత్తగా అచ్చు వేయించారు, ఆధార్ కోసం ఒక గడితో. మొదటి రసీదు అందుకున్న పెద్దావిడ ఆ గడి కేసి చూసి, “ఇదెందుకండీ మాస్టారూ, దేవుడికి తెలుసు కదండీ” అన్నారట. “ఆయ్, దేవుడికి తెలుసండీ, ఆడిటర్‌కే తెలీదు” అన్నారట ఈయన.