మొక్కు జనానిది, ముద్ర బిషప్పుది

ఫలానా చోట మరియమాత కనిపించిందనో, విగ్రహం కన్నీరు కార్చిందనో ఎవరైనా చెబితే ఏం చేయాలన్న దానిపై 2024 మేలో వాటికన్ కొత్త నియమాలు తెచ్చింది. అది దైవికమేనని బిషప్పులు ఇక మామూలుగా ప్రకటించరు. భక్తికి అడ్డు లేదని మాత్రం చెప్పవచ్చు. ఇంత ఆచితూచి మాట్లాడటం వెనక నాలుగున్నర శతాబ్దాల పేచీ ఉంది.

1563 డిసెంబరులో కేథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ ముగుస్తూ ఒక కట్టడి పెట్టింది. బిషప్పు విచారించి ఒప్పుకోనిదే కొత్త అద్భుతం దేన్నీ అంగీకరించరాదని. అప్పటికే ప్రొటెస్టెంట్లు తీర్థయాత్రలను ఎగతాళి చేస్తున్నారు. మహిమల్ని కాదంటే వాళ్ల మాట నెగ్గినట్టే. పగ్గాలు వదిలితే దొంగ మహిమలతో పరువు పోతుంది.

పల్లెజనానికి ఈ గొడవ పట్టలేదు. బిడ్డకు జ్వరం తగ్గితే, కాన్పు సుఖంగా జరిగితే, ఎద్దు కోలుకుంటే నడిచి వస్తామని ఏదో ఒక మాతకు మొక్కుకునేవారు. బవేరియాలోని ఆల్టోటింగ్‌కు 1489 నుంచి జనం అలాగే బారులు కట్టారు. నయమైన కాలికి మైనపు కాలు, చేతికి మైనపు చెయ్యి. మన తులాభారంలా మనిషి బరువుకు సరితూగే మైనం ఇచ్చే ఆనవాయితీ కూడా ఆ కాలంలో ఉండేది. తమకు జరిగింది బొమ్మ గీయించి భక్తులు ఇచ్చిన చెక్కపలకలు ఆ గుడి దగ్గర ఇప్పటికీ వేలాడుతున్నాయి.

స్పెయిన్‌లోని కలాండా సంగతి ఇంకా చిత్రం. 1637లో మిగెల్ హువాన్ పెల్లిసెర్ అనే కుర్రాడి కాలి మీదుగా బండి చక్రం పోయింది. సరగోసా ఆస్పత్రిలో మోకాలి కింద కోసేశారు. ఆ తర్వాత అతను అక్కడ పిలార్ మాతగా కొలిచే మరియమాత గుడి వాకిట అడుక్కుంటూ, అక్కడి దీపాల నూనె తెగిన కాలికి రాసుకునేవాడు. 1640 మార్చి 29 రాత్రి, కలాండాలోని ఇంట్లో నిద్రపోతున్న కొడుకు కప్పుకున్న దాని కింద నుంచి రెండు పాదాలు కనిపించాయని తల్లి చెప్పింది. వారం తిరక్కుండానే నోటరీ వచ్చి కాగితం రాసుకున్నాడు. విచారణలో 24 మంది సాక్ష్యం చెప్పారు, వాళ్లలో కాలు కోసిన వైద్యుడూ ఉన్నాడు. 1641 ఏప్రిల్ 27న ఆర్చిబిషప్పు అది అద్భుతమేనని తీర్పిచ్చారు. నిజంగా ఏం జరిగిందన్నది వేరే చర్చ. నాకు ఆ నోటరీయే ఆసక్తిగా కనిపిస్తాడు. మహిమకు కూడా దస్తావేజు కావాలని ఆ మారుమూల ఊరికి అప్పటికే తెలుసు.

ముద్ర దొరకని చోట కథ అడ్డం తిరిగింది. పారిస్‌లో ఫ్రాన్స్వా ద పారీ అనే డీకన్ (గురువు కింది స్థాయి చర్చి సేవకుడు), జాన్సెనిస్టు వర్గం మనిషి, 1727లో చనిపోయాడు. సెయింట్ మెదార్ శ్మశానంలో ఆయన సమాధి దగ్గర రోగాలు పోతున్నాయని జనం పోటెత్తారు, పూనకాలు మొదలయ్యాయి. రోమ్‌తో తగవు పడ్డ ఆ వర్గం మనిషి మహిమలు చూపితే ఎలా? 1732 జనవరిలో రాజు శ్మశానాన్ని మూయించాడు. ఇక్కడ మహిమలు చేయరాదని దేవుడికి రాజుగారి ఉత్తర్వు అంటూ ఎవరో గేటు మీద రాసిపోయారట.

ఆ దశాబ్దంలోనే ప్రోస్పెరో లాంబెర్తీని, అంటే తర్వాతి పోప్ 14వ బెనెడిక్ట్, పునీతుల ప్రకటనపై పెద్ద గ్రంథం రాశారు. జబ్బు నయమవడాన్ని అద్భుతమని ఒప్పుకోవాలంటే ఆయన పెట్టిన షరతులివి: జబ్బు తీవ్రమైనదై ఉండాలి, మందులతో తగ్గి ఉండకూడదు, ఉన్నట్టుండి పూర్తిగా నయం కావాలి, తిరగబెట్టకూడదు. వాటికన్ వైద్యుల బృందం నేటికీ దాదాపు ఇవే చూస్తుంది. నెమ్మదిగా తగ్గిన జ్వరం, మందు తాగి లేచిన మనిషి, బతికిన ఎద్దు ఈ లెక్కకు రావు. మొక్కుకున్నవాళ్లు మాత్రం బిషప్పు కబురు కోసం ఆగలేదు, పలకలు తగిలిస్తూనే వచ్చారు.