విత్తనాలు దాచుకోవడం, పంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి వెళ్లాక వచ్చే మొదటి ఆదివారం మా మిద్దె మీద పాత దుప్పటి ఒకటి పరుస్తాం. హైదరాబాద్‌లో ఉప్పల్ చుట్టుపక్కల కాలనీల నుంచి పాతిక మంది దాకా వస్తారు. ఒకరు శుభలేఖ కవర్లో బెండ గింజలు తెస్తారు, ఇంకొకరు మాత్రల డబ్బాలో టమాట, మరొకరు రుమాలు మూటలో చిక్కుడు. మన దగ్గర ఈ పనికి ఇదే సరైన అదను. వానాకాలం పెట్టిన పాదుల మీద కాయలు ఎండి ఉంటాయి, గాలిలో తేమ తక్కువ, వేసవి పాదులు పెట్టడానికి ఇంకా రెండు మూడు వారాలు టైముంది.

పదకొండేళ్లుగా ఆ దుప్పటి చుట్టూ కూర్చుని విన్న మాటలివి. వీటిలో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: "కూరకు పనికిరాకుండా ముదిరిపోయింది కదా, గింజలు తీసేద్దాం"

ముదరడం వేరు, పండటం వేరు. వంకాయ గట్టిపడగానే గింజలు కనిపిస్తాయి, కానీ అవి ఇంకా పచ్చివే. ఊదా రంగు పోయి కాయంతా పసుపు, గోధుమ రంగుల్లోకి తిరిగి, చేతికి మెత్తగా తగిలేదాకా చెట్టునే ఉంచాలి. బెండ చెట్టు మీదే ఎండి, అంచుల వెంట పగుళ్లు వచ్చేదాకా ఉండాలి. బీరకాయ ఊపితే గలగలమనాలి.

దీనికంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. మంచి కాయలన్నీ కూరకు కోసేసుకుని, ఆకుల చాటున మనం చూడక మిగిలిపోయిన వంకర కాయను విత్తనానికి వదిలేస్తాం. నేను మొదటి రెండేళ్లు చేసిందదే. మా అత్తమ్మ చూసి, "మంచిది తిని చెడ్డది దాస్తున్నవా బిడ్డా?" అంది. ఆమె కార్తీకంలోనే తోటంతా తిరిగి, బాగా కాసి తెగులు లేకుండా నిలబడ్డ మొక్కకు ఎర్ర దారం కట్టేది. దాని కాయ ఇంట్లో ఎవరూ కోయకూడదు. ఆమె ముందు మొక్కను ఎంచేది, కాయ సంగతి ఆ తర్వాతే.

అపోహ: "హైబ్రిడ్ గింజలు దాచినా మొలవవు, కంపెనీలు అలా చేసి అమ్ముతాయి"

చాలావరకు మొలుస్తాయి. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు రకాలను కలిపితే పుట్టిన మొదటి తరం. ఆ మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. వాటి గింజలు తీసి వేస్తే వచ్చే రెండో తరంలో తాతల గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి. ఒక ఏడాది నేను ప్యాకెట్ టమాట నుంచి గింజలు తీసి ఆరు మొక్కలు పెంచాను. ఒకటి గుండ్రంగా కాసింది, ఒకటి కోలగా, ఒకదానికి గోలీలంత కాయలు. రుచికి ఏదీ చెడ్డది కాదు, కానీ నేను అనుకున్న టమాట వాటిలో ఒక్కటీ లేదు. అలాంటి గింజలు ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, పొట్లం మీద మాత్రం "హైబ్రిడ్ నుంచి తీసినవి" అని రాయండి. గింజలేని పుచ్చకాయ లాంటివి వేరే సంగతి, వాటిలో దాచడానికే ఏమీ ఉండదు.

మొలవకుండా చేసే "టెర్మినేటర్" పద్ధతికి 1998లో అమెరికాలో పేటెంట్ వచ్చిన మాట నిజమే. ఆ విత్తనం మార్కెట్లోకి మాత్రం ఎప్పుడూ రాలేదు. మన చట్టమైతే అలాంటి రకాలకు రిజిస్ట్రేషన్ కూడా ఇవ్వదు. పనిలో పనిగా ఇంకో మాట: హైబ్రిడ్ అంటే జన్యుమార్పిడి కాదు. మన దేశంలో రైతులు వ్యాపార పంటగా వేసుకోవడానికి అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట 2002 నుంచి బీటీ పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010లోనే ఆపేశారు. షాపులో ప్యాకెట్ వంగ గింజలు కొన్నందుకు టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: "సొర పక్కన కాకర పెడితే సొరకాయ చేదవుతుంది"

కాదు. సొర, కాకర వేర్వేరు జాతులు, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పట్టదు. ఒకవేళ పక్కింటి సొర పుప్పొడి మీ సొర పువ్వు మీద పడినా ఈ ఏడాది కాయ మారదు. కాయ కండ తల్లి మొక్కదే. మార్పంతా లోపలి గింజలో ఉండి వచ్చే ఏడాది బయటికొస్తుంది. మొక్కజొన్న ఒక్కటి తేడా. దాని కంకిలో పక్క రకం గింజల రంగు అదే ఏడాది కనిపిస్తుంది.

ఈ "వచ్చే ఏడాది" అన్నది నాకు అనుభవం మీద అర్థమైంది. మా వీధిలో ఒకరు అందం కోసం కమండలం సొర పాకించారు. నడుము సన్నంగా ఉండే ఆ కాయలు చాలాసార్లు కటిక చేదు. నా పొడుగు సొరకూ దానికీ మధ్య రెండిళ్లే అడ్డం. నా కాయలు ఎప్పటిలాగే తియ్యగా ఉన్నాయి, గింజలు తీసి నలుగురికి పంచాను. మరుసటి ఏడు ఇద్దరి పాదుల కాయలు చేదు. ఒక అక్క పప్పులో వేసి నోట్లో పెట్టుకోగానే ఉమ్మేసి నాకు ఫోన్ చేసింది. తప్పు పూర్తిగా నాదే.

చేదు సొరకాయ విషయంలో మొహమాటపడొద్దు. ఆ చేదు వండినా పోదు. చేదు సొర రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు కూడా. కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. చేదైతే కాయను పారేయండి, ఆ పాదు గింజలు ఎవరికీ ఇవ్వకండి.

ధ్రువీకరణ విత్తనం పండించేవాళ్లు తీగజాతి కూరగాయలకు, అదే జాతి ఇంకో రకానికి మధ్య కనీసం 500 మీటర్ల దూరం ఉంచుతారు. టమాట తన పువ్వులోనే తాను పరాగం చేసుకునే రకం కాబట్టి దానికి 25 మీటర్లు చాలు. మిద్దె మీద ఈ లెక్కలెక్కడ కుదురుతాయి? అందుకే తీగలకు చేత్తోనే పరాగసంపర్కం చేస్తాను. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. నాలుగింటికే మిద్దెక్కి, ఆ పూట విచ్చుకోబోయే మొగ్గలు చూస్తాను. వాటి కొస తెల్లబడి ఉబ్బి ఉంటుంది. పొడుగు కాడ ఉన్నది మగ పువ్వు, వెనకాల వేలెడు పిందె ఉన్నది ఆడది. రెండింటి కొసలకూ మెత్తగా దారం చుడతాను. చీకటి పడుతుండగా విప్పి, మగ పువ్వు రేకలు తుంచి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో అద్ది, మళ్లీ కట్టేస్తాను. కాడకు రంగు దారం గుర్తు. బీర కూడా సాయంత్రమే. గుమ్మడి, కాకర, నేతిబీర మాత్రం పొద్దున పూస్తాయి, వాటి కోసం పెందలాడే లేవాల్సిందే. పాదుకు రెండు కాయలకు చేస్తే మా ఇంటికీ దుప్పటికీ సరిపోతాయి.

చిక్కుడు, బొబ్బర్లు, టమాటలకు ఈ తిప్పలు దాదాపు లేవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వీటితోనే మొదలుపెట్టండి.

అపోహ: "మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే బాగా ఎండుతాయి"

అప్పడాలు ఎండుతాయి, గింజలు చస్తాయి. పచ్చి మీదున్న గింజకు నలభై డిగ్రీలు దాటిన వేడి మంచిది కాదు, మిద్దె మీద స్టీలు పళ్లెం అంతకన్నా ఎక్కువే కాగుతుంది. గుడ్డ మీద పల్చగా పరిచి, పొద్దుటి లేత ఎండ కాసేపు, మిగతా రోజంతా గాలాడే నీడ. మంచు పడకముందే లోపలికి తేవాలి. ఇలా వారం, పది రోజులు. చిక్కుడు గింజ కొరికితే పంటి గాటు పడకూడదు. గుమ్మడి గింజ వంచితే వంగకుండా టప్పున విరగాలి. ఈ రెండు పరీక్షలు అయ్యేదాకా సీసా మూత పెట్టొద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే, గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని నిల్వ కాలం సుమారు రెట్టింపవుతుంది. నిల్వ ఉంచిన చోటు అయిదు డిగ్రీలు చల్లబడినా అంతే. ఇంకో మోటు లెక్క కూడా ఉంది: ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లో తీసుకుని, దానికి గాలిలో తేమ శాతం కలిపితే 100 దాటకూడదు. మే నెలలో మనకు ఉష్ణోగ్రత ఒక్కటే 105 ఉంటుంది! అటక మీది డబ్బాలో ఉల్లి గింజలు మరుసటి ఏడాదికి మొలవకపోవడంలో వింతేముంది? ఉల్లి అసలే ఏడాది బతికే గింజ. టమాట, దోస, గుమ్మడి అయితే జాగ్రత్తగా ఉంచితే నాలుగేళ్లు ఆగుతాయి.

అపోహ: "ఫ్రిజ్‌లో పెడితే గింజ చచ్చిపోతుంది"

తడి గింజ పెడితే పాడవుతుంది. ఎండిన గింజకు ఫ్రిజ్‌ను మించిన చోటు లేదు. ఢిల్లీలోని జాతీయ జన్యు నిధిలో అయితే విత్తనాలను మైనస్ 18 డిగ్రీల్లో దాస్తారు. గట్టి మూత ఉన్న గాజు సీసాలో, గోధుమ రంగు వచ్చేదాకా వేయించి చల్లార్చిన బియ్యం అడుగున పోసి, పైన కాగితం పొట్లాలు పెట్టండి. బియ్యం తేమను పీల్చుకుంటాయి. తీసేటప్పుడే జాగ్రత్త. సీసా బయట పెట్టి, గది వేడికి వచ్చేదాకా, అంటే కనీసం రెండు మూడు గంటలు, మూత తీయకండి. చల్లటి గింజ మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది.

అపోహ: "బూడిద, వేపాకు అంతా మూఢనమ్మకం"

ఇది చదువుకున్నవాళ్ల అపోహ. బూడిద తేమను పీలుస్తుంది, పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకేసి దాన్ని ఎండగొడుతుంది. పొయ్యి మీద వేలాడదీసిన కంకులకు పొగ, వెచ్చదనం రెండూ అందేవి. ఎండిన సొరబుర్రలో గింజలు పోసి మూతికి పేడ అలికేవాళ్లు, అదీ ఒక రకం సీలే. కాకపోతే ఇప్పుడు చాలామంది పచ్చి వేపాకు దూసి సీసాలో వేస్తున్నారు. ఆ ఆకు తేమే గింజకు బూజు తెస్తుంది. ఆకును నీడలో కరకరలాడేలా ఎండబెట్టాకే వేయాలి.

బొబ్బర్లు, చిక్కుళ్ల మీద ఆవగింజలో సగం ఉండే తెల్ల చుక్కలు కనిపిస్తే అవి పుచ్చు పురుగు గుడ్లు. చాలాసార్లు తోటలో కాయ మీదే పెట్టేసి ఉంటుంది, మీ సీసా ఎంత శుభ్రమైనా లాభం లేదు. బాగా ఎండిన గింజలను మూటకట్టి డీప్ ఫ్రీజర్‌లో ఒక వారం ఉంచితే లోపలివి చస్తాయి. ఎక్కువ మొత్తమైతే కిలోకు చెంచాడు వంటనూనె పట్టించినా పనిచేస్తుంది. ఈ పని చేయకుండా దుప్పటి దగ్గరికి తేవద్దని నా గట్టి మనవి. ఒకరి పురుగు పదిళ్లకు చేరుతుంది.

అపోహ: "నీళ్లలో తేలితే తాలు"

వంగ, టమాటలకు కొంతవరకు నిజం. సొర, బీర గింజల పెంకు లోపల గాలి ఉంటుంది, మంచివీ తేలుతాయి. పది గింజలు తడిగుడ్డలో చుట్టి వెచ్చగా పెట్టి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టుకోవడమే నమ్మకమైన పద్ధతి. ఆరు మొలిస్తే పొట్లం మీద "పదికి ఆరు" అని రాయండి. అయితే అప్పుడే కాయలోంచి తీసిన వంగ, కాకర గింజలు కొన్ని వారాలు నిద్రలో ఉంటాయి. ఇవాళ తీసి రేపు పరీక్షించి చెత్తబుట్టలో వేయకండి.

అపోహ: "ఏ గింజైనా ఎండబెట్టి దాచొచ్చు"

కరివేపాకు పండు గింజ ఎండితే చస్తుంది. మామిడి టెంక, పనస గింజ కూడా అంతే. పండు తిన్న వారంలోపే మట్టిలో పెట్టాలి. బెంగళూరు వంకాయకైతే గింజ తీసే పనే లేదు, కాయ మొత్తం పాతేయడమే.

అపోహ: "తీగ ఇల్లంతా పాకింది, కాయలేదు. ఇచ్చినవాళ్లు మోసం చేశారు"

దీని మీద చుట్టరికాలే చెడ్డాయి. మన నాటు చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది. జనవరిలో పెట్టినా, జూన్‌లో పెట్టినా ఆ తీగ శీతాకాలం కోసమే ఎదురుచూస్తుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉన్న మా చెల్లెలికి పొద్దు తగ్గే వేళకు మంచే వచ్చి తీగ మాడిపోయేది. గోంగూరదీ అదే స్వభావం. దాన్ని ఆకు కోసం పెంచుతాం కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, విత్తనం మాత్రం చేతికి రాదు. అలాంటి చోటికి పొద్దుతో పనిలేని పొద చిక్కుడు మేలు.

"నాలుగు గింజలే కదా, సూట్‌కేసులో వేసేస్తా" అనే అత్తయ్యలకు కూడా ఒక మాట. గింజతో పాటు తెగులు, పురుగు ప్రయాణిస్తాయి. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా పడుతుంది. మన దేశంలోకి తేవడానికీ నిబంధనలున్నాయి. అక్కడి తెలుగువాళ్లు అక్కడే ఒకరికొకరు పంచుకోవడం తేలిక.

అపోహ: "విత్తనాలు మార్చుకోవడం చట్టరీత్యా నేరం"

కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఈ చట్టం కింద రిజిస్టరై రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు. జహీరాబాద్ పక్క పల్లెల్లో ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు బాహాటంగానే ఊరేగుతాయి.

ఇక పొట్లం మీద రాత సంగతి. గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక పిన్నిగారు ఒకసారి "ఆనప" అని రాసి పెట్టారు. చిత్తూరు అబ్బాయి అనపకాయలనుకుని సంబరంగా తీసుకెళ్లాడు. ఆవిడ లెక్కలో అది సొరకాయ, అతని లెక్కలో చిక్కుడు జాతి. అప్పటి నుంచి మా దగ్గర రూలు ఒకటే. పేరుతో పాటు కాయ ఎలా ఉంటుందో, ఏ ఊరి విత్తనమో, ఏ నెలలో తీశారో, ఎన్ని మొక్కల నుంచి తీశారో, పక్కన అదే జాతి ఇంకోటి ఉందో లేదో రాయాలి. తీసుకున్నవాళ్లు ఏడాది తర్వాత ఏమైందో చెప్పాలి, బాగా పండితే గుప్పెడు తిరిగి తేవాలి.

పోయినసారి నేనిచ్చిన బొబ్బర్ల పొట్లం ఒకటి అలాగే తిరిగొచ్చింది, ఖాళీగా. వెనకాల పెన్సిల్‌తో రాసి ఉంది: "మొలక పదికి తొమ్మిది. కాపు బాగుంది. విత్తనానికి వదిలినవి కోతులు తిన్నాయి. మళ్లీ ఇవ్వగలరు."